ఫార్మాట్ చేసినా పోని స్కూలు లాక్: సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌ని సక్రమంగా విడిపించుకునే పద్ధతి

పెన్‌డ్రైవ్ పెట్టి ఓఎస్ మళ్లీ ఎక్కించారు. అంతా కొత్తగానే కనబడింది. వైఫై కలపగానే ఎక్కడో అమెరికాలోని స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతపు స్కూళ్లను నడిపే సంస్థ) పేరు తెర మీదికి వచ్చి, ఆ స్కూలు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వమంటోంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించుకున్నా, డాలస్‌లో ఉన్న బావగారు వేలంలో పది మెషీన్లు కలిపి కొని పంపినా, స్కూళ్ల నుంచి వచ్చిన సరుకులో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇదే.

ఆ లాక్ ల్యాప్‌టాప్ లోపల లేదు. మీ మెషీన్ సీరియల్ నంబరు ఎదురుగా గూగుల్ సర్వర్లోనో మైక్రోసాఫ్ట్ సర్వర్లోనో ఆపిల్ సర్వర్లోనో స్కూలు పేరు రాసి ఉంది. పొలం ఎన్నిసార్లు దున్నినా పాసుపుస్తకంలో పేరు మారనట్టే, డిస్కు ఎన్నిసార్లు చెరిపినా ఆ నమోదు చెరగదు. అది మార్చగలిగింది నమోదు చేసిన స్కూలు అడ్మిన్ ఒక్కరే. నెట్ లేకుండా సెటప్ చేయడం, ఫర్మ్‌వేర్‌తో (బోర్డు చిప్పులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌తో) ఆడుకోవడం లాంటి చిట్కాలు దాన్ని కాసేపు కనబడకుండా దాస్తాయంతే. తర్వాత రీసెట్ చేసిన రోజునో, అప్‌డేట్ వచ్చిన రోజునో మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఇక్కడ చెప్పేది స్కూలు చేతే విడుదల చేయించి, ఆ తర్వాత మెషీన్‌ని సరిగ్గా తుడిచి సొంతం చేసుకునే దారి. మెయిల్ రాయడంలోనే సగం పని అయిపోతుంది.

ముందుగా, ఏ లాకో తేల్చుకోండి

స్కూలు మెషీన్లలో ఎక్కువ భాగం గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే క్రోమ్‌బుక్‌లే కాబట్టి వాటితో మొదలుపెడదాం. లాగిన్ తెర అడుగున "ఈ పరికరాన్ని ఫలానా సంస్థ నిర్వహిస్తోంది" అన్న అర్థంలో ఇంగ్లిష్‌లో ఒక లైను, పక్కన స్కూలు డొమైన్ పేరు ఉంటే అది ఎన్‌రోల్‌మెంట్, అంటే పైన చెప్పిన నమోదు. రీసెట్ చేసినా నెట్ తగలగానే తిరిగి స్కూలు ఖాతా అడగడాన్ని ఫోర్స్‌డ్ రీ ఎన్‌రోల్‌మెంట్ అంటారు.

లాగిన్ పెట్టెలు అసలు రాకుండా, పరికరం లాక్ అయిందనీ ఫలానా చిరునామాకి తిరిగి ఇవ్వాలనీ తెర నిండా సందేశం కనిపిస్తే సంగతి వేరు. పోయిన, దొంగిలించిన మెషీన్లను అడ్మిన్ 'డిసేబుల్' చేసినప్పుడు వచ్చే తెర అది. అలాంటిది కొనకండి. కొనేసి ఉంటే అమ్మినవాళ్లకు తిప్పి ఇచ్చి డబ్బు వెనక్కి తీసుకోండి. దొంగసొత్తని తెలిసి దగ్గర పెట్టుకోవడం మన దగ్గర భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం.

తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. పిల్లవాడు తన స్కూలు ఖాతాతో లాగిన్ అయితే, క్రోమ్ మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అని వస్తుంది. అది ఖాతా మీది ఆంక్ష, మెషీన్ మీది కాదు. ఆ ఖాతా తీసేసి సొంత జీమెయిల్‌తో లాగిన్ అయ్యి చూడండి. ఆ లైను పోతే ఈ తిప్పలేవీ మీకు అక్కర్లేదు.

సీరియల్ నంబరు దగ్గరే సగం మెయిళ్లు తప్పుతాయి

లాగిన్ తెర మీద ఆల్ట్, వీ కలిపి నొక్కండి. పైన మూలన ఓఎస్ వెర్షనుతో పాటు సీరియల్ నంబరు కనిపిస్తుంది. ఫోనుతో ఫొటో తీయండి. అడుగున అతికించిన స్టిక్కరు చూసి రాసుకోవద్దు. రిపేరులో మదర్‌బోర్డు మారిన మెషీన్లో స్టిక్కరు మీద ఒక నంబరు, బోర్డులో ఇంకో నంబరు ఉంటాయి, సర్వర్ చూసేది బోర్డులోదే. స్కూలు సొంతంగా అతికించే బార్‌కోడ్ స్టిక్కరు అసెట్ ట్యాగ్, అది సీరియల్ కాదు. అయినా మెయిల్లో దాన్ని కూడా రాయండి, వాళ్ల రిజిస్టర్లో వెతకడానికి పనికొస్తుంది. సున్నాకీ 'ఓ' అక్షరానికీ, ఎనిమిదికీ 'బీ' అక్షరానికీ తేడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఒక్క అక్షరం తప్పినా అవతలి వ్యక్తికి ఆ మెషీన్ జాబితాలో దొరకదు, "మాది కాదు" అని జవాబొస్తుంది.

స్కూలుకి ఏం రాయాలి

దుకాణంలో కొన్నవైతే ముందు అమ్మినవాళ్లనే అడగండి. వాళ్లకు సరుకు ఇచ్చిన దిగుమతిదారుకీ, అతనికి అమ్మిన రీసైక్లర్‌కీ స్కూలుతో నేరుగా లావాదేవీ ఉంటుంది, ఆ దారిలో పని త్వరగా తెమలొచ్చు. కుదరకపోతే తెర మీద కనబడే డొమైన్‌ని బట్టి స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటుకి వెళ్లి టెక్నాలజీ డిపార్ట్‌మెంట్ లేదా ఐటీ హెల్ప్‌డెస్క్ మెయిల్ చూసుకోండి. ప్రిన్సిపాల్‌కి రాస్తే అది చేరాల్సిన చోటికి చేరడమే ఆలస్యం. గూగుల్‌కి రాసినా ఫలితం ఉండదు, వాళ్లు డొమైన్ అడ్మిన్ దగ్గరికే వెళ్లమంటారు.

మెయిల్ చిన్నగా ఉండాలి. మోడల్ పేరు, సీరియల్ నంబరు, అసెట్ ట్యాగ్, ఎక్కడ ఎప్పుడు కొన్నారు, బిల్లు లేదా వేలం లాట్ కాగితం ఫొటో, స్కూలు పేరు కనబడుతున్న తెర ఫొటో. ఒకటి కంటే ఎక్కువ మెషీన్లుంటే సీరియల్ నంబర్లన్నీ ఒకే ఎక్సెల్ షీట్లో ఒక వరుసగా పెట్టి జత చేయండి. అడిగే పని మాత్రం ఒకే వాక్యంలో, వాళ్ల మాటల్లోనే అడగాలి: గూగుల్ అడ్మిన్ కన్సోల్లో (స్కూలు తన మెషీన్లను నిర్వహించుకునే పేజీలో) ఈ సీరియల్‌ని 'డీప్రొవిజన్' చేయండి, అంటే నమోదు నుంచి తప్పించండి అని.

ఆ మాటే ఎందుకంటే, కన్సోల్లో దానికి దగ్గరగా కనబడే పనులు వేరే ఉన్నాయి. "అన్‌లాక్ చేయండి" అని రాస్తే, డిసేబుల్ అయి ఉందేమోననుకుని 'రీ ఎనేబుల్' నొక్కి ఊరుకోవచ్చు. "రీసెట్ చేయండి" అంటే దూరం నుంచే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తారు, మెషీన్ శుభ్రమవుతుంది కానీ స్కూలు జాబితాలోనే ఉంటుంది. డివైజెస్, అందులో క్రోమ్, అందులో మళ్లీ డివైజెస్ విభాగంలో సీరియల్ వెతికి, టిక్ పెట్టి, డీప్రొవిజన్ ఎంచుకుంటేనే విడుదల. అప్పుడు కన్సోల్ ఒక కారణం అడుగుతుంది. అమ్మేసిన మెషీన్‌కి 'రిటైరింగ్ ఫ్రమ్ ఫ్లీట్' సరిపోతుంది. ఈ మెట్లు మర్యాదగా మెయిల్ అడుగున రాసినా తప్పులేదు, పాత మెషీన్ల సంగతి తెలియని కొత్త ఉద్యోగి చేతికి మెయిల్ వెళితే అదే సాయపడుతుంది. పాస్‌వర్డ్ మాత్రం ఎప్పుడూ అడగకండి. అడిగితే అనుమానం వస్తుంది, ఇచ్చినా దానితో లాక్ పోదు.

అమెరికాలో వేసవి సెలవులున్న జూన్, జూలైల్లో జవాబు ఆలస్యం కావచ్చు. రెండు వారాలు చూసి, అదే మెయిల్‌కి కొనసాగింపుగా మళ్లీ రాయండి. "వాటిని ముక్కలు చేసేయమని రీసైక్లర్‌కి ఇచ్చాం, అమ్మడానికి కాదు" అని జవాబొస్తే ఇక విడుదల ఆశ వదులుకోవాల్సిందే. ఆ జవాబు ప్రింటు పట్టుకుని అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లండి. డబ్బు వెనక్కివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు లేకుండా కొంటే ఈ దారి కూడా మూసుకుపోతుంది.

విడుదలయ్యాక చేయాల్సిన తుడుపు

డీప్రొవిజన్ చేశామని మెయిల్ రాగానే మెషీన్ తనంతట తాను మారిపోతుందని చూస్తూ కూర్చోవద్దు. పాత సెట్టింగులు లోపల ఉండిపోతాయి, వాటిని తుడవాలి. ఛార్జర్ పెట్టి ఉంచండి. నెట్ కోసం ఫోన్ హాట్‌స్పాట్ వాడండి, లాగిన్ పేజీ తెరుచుకునే హాస్టల్, ఆఫీసు వైఫైలు ఈ దశలో ఇబ్బంది పెడతాయి.

లాగిన్ తెర మీద కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఆర్ నాలుగూ కలిపి నొక్కితే రీస్టార్ట్ అడుగుతుంది, తర్వాత మెషీన్‌ని మొత్తం తుడిచే పవర్‌వాష్ తెర వస్తుంది. స్కూలు పాలసీ పవర్‌వాష్‌ని ఆపి ఉంటే ఆ తెర రాదు. అప్పుడు రికవరీ చేయాలి, అంటే పెన్‌డ్రైవ్‌తో ఓఎస్ మళ్లీ ఎక్కించాలి. దానికి ఇంకో కంప్యూటర్, 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ కావాలి. ఎస్కేప్, రిఫ్రెష్ పట్టుకుని పవర్ నొక్కితే రికవరీ తెర వస్తుంది, దాని అడుగున మోడల్ కోడ్ ఉంటుంది. ఇంకో కంప్యూటర్లో క్రోమ్ బ్రౌజర్‌కి క్రోమ్‌బుక్ రికవరీ యుటిలిటీ వేసుకుని, ఆ కోడ్ ఉన్నదున్నట్టు కొట్టి పెన్‌డ్రైవ్ తయారుచేయండి. ఒకే కంపెనీ పేరుతో, ఒకే సైజులో ఉన్న రెండు మోడళ్ల కోడ్‌లు వేరువేరుగా ఉంటాయి. పేరు చూసి దగ్గరగా ఉన్నది ఎంచుకుంటే, పెన్‌డ్రైవ్ పెట్టాక ఇది ఈ మెషీన్‌ది కాదన్న ఎర్రర్ వస్తుంది. పని అయ్యాక ఆ పెన్‌డ్రైవ్ సైజు తక్కువగా కనబడితే పాడైందని పారేయకండి, అదే యుటిలిటీలో గేర్ గుర్తు కింద రికవరీ మీడియాని చెరిపే ఆప్షన్ ఉంది.

తుడిచాక భాష ఎంచుకుని, హాట్‌స్పాట్ కలపండి. ఇక్కడ మెషీన్ తన సీరియల్‌తో సర్వర్‌ని అడిగి వస్తుంది. ఎవరు వాడబోతున్నారు, మీరా పిల్లలా అని అడిగే తెర వస్తే విడుదలైనట్టే. మళ్లీ స్కూలు డొమైన్ వస్తే సీరియల్ తప్పయినా పడి ఉండాలి, డీప్రొవిజన్‌కి బదులు వేరే మీటయినా నొక్కి ఉండాలి. ఆ తెర ఫొటోతో అదే మెయిల్‌కి మళ్లీ రాయండి.

సొంత జీమెయిల్‌తో ముందుగా మీరే లాగిన్ అవ్వండి, మొదట ఎక్కిన ఖాతాయే మెషీన్‌కి యజమాని ఖాతా అవుతుంది. తర్వాత లాగౌట్ చేసి, లాగిన్ తెర అడుగున స్కూలు పేరు ఉన్న లైను లేదని చూసుకోండి.

పాత విద్యార్థి ఖాతాలు, ఫొటోలు, డౌన్‌లోడ్లు ఇంకా మెషీన్లో కనబడుతున్నాయంటే స్కూలు తుడవకుండానే అమ్మేసిందన్నమాట. అవి పిల్లలవి. తెరిచి చూడకుండా తుడిచేయండి.

విండోస్ మెషీన్లయితే

ఇక్కడ లాక్ మూడు చోట్ల ఉండొచ్చు, మూడింటికీ మందు వేరు.

మొదటిది ఆటోపైలట్, మైక్రోసాఫ్ట్ సర్వర్లో ఉండే నమోదు. ఓఎస్ కొత్తగా ఎక్కించాక నెట్ తగలగానే స్కూలు పేరుతో స్వాగతం చెప్పి ఈమెయిల్ అడిగితే అదే. మెషీన్ హార్డ్‌వేర్ వివరాలతో తయారైన ఒక గుర్తు, హార్డ్‌వేర్ హ్యాష్ అంటారు, స్కూలు ఇన్‌ట్యూన్ (మెషీన్లను నిర్వహించే మైక్రోసాఫ్ట్ సేవ) ఖాతాలో నమోదై ఉంటుంది. మెయిల్లో అడగాల్సింది: ఇన్‌ట్యూన్లోని డివైజ్ రికార్డు ముందు తీసేసి, ఆ తర్వాత విండోస్ ఆటోపైలట్ డివైజెస్ జాబితాలో నుంచి ఈ సీరియల్‌ని తొలగించండి అని. డివైజ్ రికార్డు ఒక్కటే తీసి పని అయిపోయిందనుకునే అడ్మిన్లు ఉంటారు, అందుకే రెండూ రాయాలి. ఈ గుర్తు ముఖ్యంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. దానివల్ల విచిత్రమైన చిక్కు ఒకటి వస్తుంది: లాక్ లేని మీ ల్యాప్‌టాప్‌కి రిపేరు షాపులో స్కూలు సరుకులోంచి తీసిన బోర్డు వేస్తే, ఇంటికి తెచ్చి రీసెట్ చేసిన రోజు ఎవరిదో స్కూలు పేరు ప్రత్యక్షమవుతుంది. బోర్డు మార్పించినప్పుడు బిల్లు మీద ఆ సంగతి రాయించుకోండి.

ఆటోపైలట్ నమోదు లేకుండా, కేవలం స్కూలు ఖాతాకి జోడించి వదిలేసిన మెషీన్లు కూడా వస్తాయి. వాటికి ఎవరినీ అడగనక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌తో డిస్కు మొత్తం చెరిపి విండోస్ శుభ్రంగా ఎక్కిస్తే చాలు. స్కూలు వాడిన ఎడ్యుకేషన్ ఎడిషన్ పోయి, కంపెనీ ఫర్మ్‌వేర్లో పెట్టిన లైసెన్సు ప్రకారం హోమో ప్రోనో వస్తుంది. అది సహజమే.

రెండోది బయోస్ పాస్‌వర్డ్, విండోస్ కంటే ముందు నడిచే బోర్డులోని సెటప్‌కి పెట్టిన తాళం. ఆన్ చేయగానే డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1 నొక్కి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే అది స్కూలుకే తెలియాలి, మెయిల్లో తీసేయించమని కాక చెప్పమనే అడగాలి, ఎందుకంటే దీన్ని దూరం నుంచి తీసే వీలు సాధారణంగా ఉండదు. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మర్చిపోతే సిస్టమ్ బోర్డు మార్చడమే దారి అని లెనోవో చెబుతుంది. డెల్‌లో అయితే సర్వీస్ ట్యాగ్ మీద యాజమాన్యం మీ పేరుకి బదిలీ చేయించుకున్నాక కంపెనీ సపోర్టుని అడగొచ్చు.

మూడోది చాలామంది పట్టించుకోరు. పూర్వం కంప్యుట్రేస్ అనేవారు, ఇప్పుడు అబ్సొల్యూట్. దొంగతనం పట్టుకోవడానికి బయోస్‌లోనే కూర్చునే చిన్న మాడ్యూల్ ఇది. విండోస్ చెరిపి మళ్లీ ఎక్కించినా స్కూలుకి జాడ చెప్పే తన సాఫ్ట్‌వేర్‌ని తనే తెచ్చి పెట్టుకుంటుంది. డెల్ బయోస్‌లో సెక్యూరిటీ కింద అబ్సొల్యూట్ అన్న చోట 'పర్మనెంట్‌లీ డిసేబుల్' అని ఉంటే నిశ్చింత. యాక్టివ్‌గా ఉంటే స్కూలు తన అబ్సొల్యూట్ ఖాతాలోంచి ఈ మెషీన్‌ని తీసేయాలి. ఇవాళ మామూలుగా పనిచేసినా, జాబితాలో ఉన్నంతకాలం దూరం నుంచి ఫ్రీజ్ చేసే అధికారం వాళ్లదే.

మ్యాక్‌బుక్‌ల సంగతి క్లుప్తంగా. సెటప్‌లో 'రిమోట్ మేనేజ్‌మెంట్' తెర వస్తే ఆపిల్ స్కూల్ మేనేజర్‌లో సీరియల్ వెతికి సంస్థ నుంచి 'రిలీజ్' చేయమని అడగాలి. ఆపిల్ ఖాతా అడిగే యాక్టివేషన్ లాక్ అయితే అది వేరు, ఒకదాన్ని తీస్తే రెండోది దానంతట పోదు. రెండింటి తెరల ఫొటోలూ పంపండి.

కొనేముందు కౌంటర్ దగ్గర పది నిమిషాలు

"అన్‌లాక్ చేసి ఇస్తున్నాం అండీ" అనే మాటకి పరీక్ష ఒక్కటే. వాళ్ల ఎదురుగానే రీసెట్ చేయించి, వాళ్ల వైఫై కాక మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, సెటప్ మొదటి తెరలన్నీ చివరిదాకా నడపండి. అంతా ఆఫ్‌లైన్లో చేసి నడుస్తున్న మెషీన్ చూపించడం పరీక్ష కాదు. రీసెట్‌కి ఒప్పుకోకపోతే కారణం అడిగే పని కూడా లేదు, వదిలేయండి. లాక్ పోయిందని చెబుతూ ధర మీద అదనంగా అడిగితే, స్కూలు పంపిన విడుదల మెయిల్ చూపించమనండి.

క్రోమ్‌బుక్‌లో ఇంకో సంగతి, ఎంతకాలం అప్‌డేట్లు వస్తాయన్నది. 2021 నుంచి వచ్చిన మోడళ్లకు పదేళ్ల అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది, పాతవాటికి మోడల్‌ని బట్టి మారుతుంది. పదేళ్లు లెక్కపెట్టేది ఆ మోడల్ ప్లాట్‌ఫాం విడుదలైన నాటి నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. గడువు తేదీ సెట్టింగ్స్‌లో అబౌట్ క్రోమ్ ఓఎస్ లోపల దొరుకుతుంది. విండోస్‌లోనూ అంతే, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత ప్రాసెసర్ ఉన్న స్కూలు మెషీన్ ధర దాన్నిబట్టే కట్టాలి.

గడువు తీరిన క్రోమ్‌బుక్ పారేయాల్సిందేమీ కాదు, విడుదలయ్యాక ఫర్మ్‌వేర్‌ని యూఈఎఫ్‌ఐ అనే రకానికి మార్చి లైనక్స్ వేసుకోవచ్చు. కానీ ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ ఉండాలి. మీడియాటెక్ లాంటి ఆర్మ్ చిప్ ఉన్నవాటికి ఆ యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ లేదు. ఫర్మ్‌వేర్‌కి రాత రక్షణ (మార్చి రాయకుండా అడ్డు) ఉంటుంది, అది తీయాలంటే పాత మోడళ్లలో బోర్డు మీద ఒక స్క్రూ, తర్వాతి వాటిలో చాలావాటికి బ్యాటరీ కనెక్టరు విప్పాలి. ఈ ఫర్మ్‌వేర్ దొరికే మిస్టర్ క్రోమ్‌బాక్స్ సైటులో మోడల్ వారీగా ఏది ఎక్కడో రాసి ఉంటుంది, ముందు అది చదవండి. అసలు ఫర్మ్‌వేర్ కాపీని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోకుండా ముందుకెళ్లకండి. రాస్తుండగా కరెంటు పోతే మెషీన్ ఆన్ కాదు, అప్పుడు సీహెచ్341ఏ ప్రోగ్రామరు, ఎనిమిది కాళ్ల చిప్‌ని పట్టే క్లిప్పు తెచ్చి ఆ కాపీని తిరిగి ఎక్కించాలి. 4 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ ఉన్నవాటికి ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ ఎంచుకోండి. సౌండ్ రాకపోవడం వీటిలో తరచూ వచ్చే ఇబ్బంది, మీ మోడల్‌కి ఆడియో పనిచేస్తోందో లేదో ముందే చూసుకోవాలి.

మన దగ్గర ల్యాబ్ మెషీన్లు అమ్మే స్కూళ్లకీ కాలేజీలకీ

పాత ల్యాబ్ మొత్తం ఒకేసారి తీసేస్తుంటే, లారీ గేటు దాటకముందే ఇదంతా చేయండి. కన్సోల్లోంచి సీరియల్ జాబితా డౌన్‌లోడ్ చేసి, బయటికెళ్లే మెషీన్లతో ఒక్కొక్కటీ సరిచూసి, ఒకేసారి డీప్రొవిజన్ కొట్టొచ్చు, వందైనా అదే పని. బయోస్ పాస్‌వర్డులు మాత్రం మెషీన్ చేతిలో ఉన్నప్పుడే తీయాలి, అమ్మేశాక మీరూ ఏం చేయలేరు. తుడిచి, సీరియళ్లు, విడుదల తేదీ ఉన్న కాగితం బిల్లుకి జతచేసి సంతకం పెట్టి ఇవ్వండి. ఆ కాగితం జిరాక్స్ ఒక్కో మెషీన్‌తో పాటు వెళితే, మూడు చేతులు మారాక కొన్నవాళ్లు మీ ఆఫీసుకి మెయిల్ రాయాల్సిన పని ఉండదు.